జైనబీ పంటి నొప్పి

నవంబరు 4

ఆస్పత్రిలో ఆశ సిస్టర్ ఒక కార్డు ఇచ్చింది. బీపీ, షుగరు, బరువు అందులో రాయాలి. మిగతా మాటలకు దాంట్లో చోటు లేదు. అందుకని ఈ పుస్తకం కొన్నాను. కార్డు ఆమెకు. ఇది నాకు. ఎవరికీ చూపించను. చూపించినా నా రాత ఎవరికీ అర్థం కాదు. ఆదివారం బడిలో బైబిలు కూడబలుక్కుని చదివినంత వరకే నా చదువు.

జూలైలో హార్ట్ ఎటాక్ వచ్చింది. మస్కట్‌లో స్టంటు వేశారు. ఇప్పుడు బాగున్నాను. అంతే.

నవంబరు 5

అంతే అని రాసి పుస్తకం మూశాను గాని మనసు ఊరుకోలేదు. ఆ రోజు సంగతి రాయాలి.

ఖర్జూరం కోతల కాలం. అర్బాబు అంటే మా యజమాని, ఆయన తోటకు కాపలా నేనే. ఈ ఖురియాత్‌లో నేను బేల్దారి పని చెయ్యని వీధి లేదు. అర్బాబు ఇంటి గోడలు నా చేతివే. మోకాళ్లు పోయాక ఆయన నన్ను ఊరికి పంపకుండా తోటలో రూము ఇచ్చి కూర్చోబెట్టాడు. నా భార్య మరియమ్మ పోయాక ఊర్లో నాకు మాత్రం ఎవరున్నారు.

ఆ పొద్దున రొమ్ము నడుమ సిమెంటు మూట పెట్టినట్టయింది. గ్యాసు అనుకున్నాను. సోడా తాగాను. మూట దిగలేదు. ఇంకో సోడా తాగాను. ఎడమ చెయ్యి లాగింది. చొక్కా తడిసిపోయింది. అప్పుడు జైనబీ టిఫిను తెచ్చింది. ఆమె అర్బాబు ఇంట్లో వంటమనిషి. మా రాయచోటి ఆమే. నా మొహం చూసి క్యారియరు కింద పెట్టేసింది. ఏం లేదు, గ్యాసు అన్నాను.

"నీ గ్యాసేదో ఆస్పత్రిలోనే ఇడుద్దువు, రాన్నా."

చొక్కా పట్టి లేపింది. డ్రైవర్ అబ్దుల్ వహాబ్‌ను కేకేసి బండి తెప్పించింది. దారి పొడుగునా ఆమెను తిట్టాను. కొంగుతో నా చెమట తుడుస్తూ కూర్చుంది. ఇంకాసేపు సోడా తాగుతూ కూర్చుని ఉంటే గుండె కండ చచ్చిపోయేదని తర్వాత డాక్టరు అన్నాడు.

ఆమెకు ఇంతవరకు థాంక్స్ చెప్పలేదు. మా వైపు అట్లా చెప్పుకోరు.

నవంబరు 9

ఉప్పు లేదు. పప్పులో లేదు, చారులో లేదు. మామిడికాయ ఊరగాయ జాడీ జైనబీ ఎత్తుకుపోయింది. అడిగితే అన్నంలో నువ్వు చల్లుకునే దానికి నేనేమైనా ఉప్పు కొట్టు పెట్టుకున్నానా అంది. వేయించిన చేప లేదు, ఉడికించిన చేప. మస్కట్ డాక్టరు ఒక్కసారి చెప్పి మరిచిపోయుంటాడు. ఈమె మరిచిపోదు.

ఇదే జైనబీ చేతి వంట ఒకప్పుడు ఎట్లా ఉండేది. ఆమె వచ్చిన కొత్తలో అర్బాబు ఇంట్లో మిక్సీ ఉండేది. మిక్సీలో వేస్తే పచ్చడి ఏడుస్తుంది అనేది. వాదీలోకి, అంటే ఎండు వాగులోకి పోయి నల్లరాయి ఒకటి వెతికాను. డ్యూటీ అయ్యాక రోజూ కూర్చుని ఉలితో తొలిచి రోలు చేసి ఇచ్చాను. దాంట్లో పండుమిరపకాయ దంచిన రోజు మా క్యాంపు రోడ్డు వరకు ఘాటు. ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో రాగిపిండి తెప్పించేవాళ్లం. శుక్రవారం సంగటి గెలికితే పొరుగు క్యాంపుల వాళ్లు కూడా ఏదో పని ఉన్నట్టు వచ్చి వాకిట్లో నిలబడేవారు. బంగ్లాదేశ్ వాళ్లు, మలబారు వాళ్లు, అందరూ. కళ్ల నీళ్లు కారుతున్నా తినేవారు.

ఇప్పుడు నా కళ్ల నీళ్లకు వేరే కారణం. చప్పిడి.

నవంబరు 14, ఉదయం

నడవమన్నారు కాబట్టి సముద్రం ఒడ్డున నడుస్తున్నాను. మాట్లాడగలిగేంత వేగంగా నడవాలట, పాట పాడగలిగేంత మెల్లగా కాదట. ఆశ సిస్టర్ చెప్పింది. పక్కన ఎవరూ లేరు, ఎవరితో మాట్లాడను. పీతలతో మాట్లాడుతూ నడిచాను.

నేను వచ్చినప్పుడు ఈ ఒడ్డు ఇట్లా లేదు. లైట్లు లేవు, సిమెంటు బెంచీలు లేవు. ఇసుక మీద చిన్న చేపలు ఎండబోసేవారు, ఒంటెల మేతకు. ఆ కంపు బట్టలు ఉతికినా పోయేది కాదు. ఇప్పుడు ఆ కంపు ఎక్కడైనా తగిలితే ఆగి పీలుస్తాను. మస్కట్ నుంచి కొండల మీదుగా రావాలంటే నడుము విరిగేది. వాన పడి వాదీ పారితే అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. పాత ఇళ్లకు సున్నం, కాల్చిన మట్టి కలిపి సారూజ్ అని గచ్చు చేసేవారు. ఒమానీ ముసలి మేస్త్రీ ఒకడు నాకు నేర్పాడు. మాటలు రావు మాకు. ఆయన నా చేతి మీద కొట్టి తప్పు చెప్పేవాడు, భుజం తట్టి ఒప్పు చెప్పేవాడు.

జైనబీ మొదటిసారి సముద్రం చూసినప్పుడు దోసిట నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. తర్వాత, ఇన్ని నీళ్లు పెట్టుకుని తాగేదానికి ట్యాంకరు తెప్పించుకుంటారా వీళ్లు అని నవ్వింది. అప్పటికి మొగుడు పోయి ఏడాది కాలేదు. ఒమాన్‌లో ఆమె నవ్వడం అదే మొదలు.

నవంబరు 18

జాతీయ దినం. ఊరంతా లైట్లు. నడిచాను. రొమ్ము పట్టలేదు.

నవంబరు 22, శుక్రవారం

ఈ రోజు నా రూము ముందర జనం. అందరికీ రొమ్ములో ఏదో ఒకటి. ఇదంతా టైలర్ ఇస్రార్ వల్ల.

పోయిన నెల ఇస్రార్ కుట్టుమిషను మీద కూర్చుని ఉండగా నేను ప్యాంటు తెచ్చుకోను పోయాను. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. గ్యాస్ హై చాచా అన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందా అన్నాను. లాగుతోందన్నాడు. చెమట పట్టిందా అన్నాను. పట్టింది. లెయ్యి అన్నాను. జైనబీ నన్ను లేపినట్టే కాలరు పట్టి లేపాను. గుండే అది. బతికాడు. ఇప్పుడు వాడు కనబడిన వాడికల్లా నా పేరు చెబుతున్నాడు.

అందరికీ చెప్పాను. చదువు లేకపోతేనేం, అనుభవించినవాడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుస్తుంది. రొమ్ము నడుమ మూట, ఎడమ చేతిలో లాగుడు, చెమట. మూడూ ఉంటే గుండె. లేకపోతే ఇంటికి పో. సిగరెట్టు తాగేవాడిని కొట్టినంత పని చేశాను. డాక్టర్ చాచా దగ్గర ఫీజు లేదు, తిట్లే అని వహాబ్ ఎగతాళి చేశాడు. చెయ్యనీ. నా గోడ పక్కన నిలబడి వంకర అన్నవాడు ఇంతవరకు లేడు. ఇదీ అంతే.

నవంబరు 29

జైనబీ టిఫిను తెచ్చి గడప మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. దవడ నొప్పి పెడుతోందట, కింది దవడ. మేడ మీద మిరపకాయలు ఎండబెట్టను పోతే ఎక్కువైందట. ఒళ్లంతా బరువుగా ఉందంది. చేతిలో లాగుతోందా అన్నాను. లేదంది. రొమ్ములో మూట ఉందా అన్నాను. లేదంది.

అయితే పన్ను అన్నాను. మా అమ్మ లవంగం పెట్టేది, అది పెట్టుకో, రెండు రోజుల్లో పోతుంది. ఆమె తల ఊపింది. డాక్టరు వేరే ఎందుకు, నువ్వుండగా అంది. ఎగతాళి కాదు. నిజంగానే అంది.

నాకు సంతోషమైంది. రాయకుండా ఉండలేను, సంతోషమైంది.

డిసెంబరు 3

ఉడికించిన చేప. మాత్రలు వేసుకున్నాను. నడిచాను.

డిసెంబరు 8

చారులో ఉప్పు ఉంది!

మొదటి ముద్దకే తెలిసింది. చారులో ఉంది, కూరలో ఉంది, చేపకు పట్టిన మసాలాలో ఉంది. నూనె కూడా ధారాళంగా పోసింది. జైనబీ మనసు కరిగింది. వహాబ్ తెచ్చాడు క్యారియరు. ఇంట్లో చుట్టాలున్నట్టుంది, అందుకే ఆమె రాలేదు. నన్ను చూస్తే మళ్లీ మనసు మార్చుకుంటుందని కూడా రాలేదేమో.

తప్పని తెలుసు. డాక్టరుకు తెలిస్తే ఏమంటాడో తెలుసు. కాని ఒక్కో ముద్ద పెడుతుంటే ఒక్కొక్కరు గుర్తొచ్చారు. కడప సుబ్బరాయుడు కనపడ్డాడు, పళ్లెం ఎత్తి చారు తాగేవాడు. మలబారు కోయా కనపడ్డాడు, కారానికి ఎగిరి గంతేసేవాడు. మరియమ్మ కనపడింది. ఆమె ఈ దేశం రానే లేదు, అయినా కనపడింది. సైట్‌లో నీడ లేని చోట ఇటుకల మీద కూర్చుని తిన్న అన్నాలన్నీ కనపడ్డాయి. అప్పుడు మాకు గుండెలు ఉన్నాయని ఎవరికీ తెలియదు. చేతులు, కాళ్లు, ఆకలి, అవే తెలుసు.

పళ్లెం నాకినంత పని చేశాను.

డిసెంబరు 9

ఈ రోజూ ఉప్పు. సగం తిని ఆపాను. నాకూ సిగ్గుంది. రేపు జైనబీ వస్తే చాలు తల్లీ, ఇంక మామూలుగా పెట్టు అని చెప్పాలి.

డిసెంబరు 10, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మళ్లీ వహాబే క్యారియరు తెచ్చాడు. జైనబీ వంట అదిరిందని చెప్పు అన్నాను. వాడు నవ్వాడు.

"ఆమె యాడ చేస్తాంది చాచా. కొత్తగా వచ్చిన అజీజా చేసేది. జైనబీ మంచం దిగల్య."

ఏమైందంటే పంటి నొప్పి అన్నాడు. విచిత్రం నొప్పి, మెట్లెక్కితే వస్తుందట, కూర్చుంటే పోతుందట, మెట్లకూ పంటికీ ఏం సంబంధమో అని మళ్లీ నవ్వాడు.

నేను నవ్వలేదు. నలభై ఏళ్లు గోడలు కట్టినవాణ్ణి. మూల కింద పునాది కుంగితే బీట అక్కడ పడదు. ఎక్కడో తలుపు పైన, దూలం పక్కన పడుతుంది. పని తెలియనివాడు నిచ్చెన వేసి ఆ బీటకు సిమెంటు పూస్తాడు. పూసినవాళ్లను ఎంతమందిని తిట్టాను. పన్ను పన్నే అయితే మెట్లెక్కినా నొయ్యాలి, పడుకున్నా నొయ్యాలి. బరువు పడ్డప్పుడే వచ్చి, దించితే పోయేది పన్ను కాదు. నేను బీటకు లవంగం పూశాను.

మోకాళ్లు మరిచిపోయి నడిచాను. అర్బాబు ఇంటి వెనక ఆమె రూము. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం బూడిద. చలికాలంలో మెడ మీద చెమట. రెండు సార్లు వాంతి అయిందట. వీపున రెండు రెక్కల నడుమ ఎవరో గుద్దుతున్నట్టుందట. దవడ పట్టేసి మాట సరిగా రావడం లేదు.

"నువ్వు చెప్పినట్టే లవంగం పెట్టుకున్యా అన్నా. తగ్గల్య."

ఈ మాట నేను చచ్చేదాకా వింటాను.

లేపి నడిపించబోయాను. అంతలో ఏదో తోచి ఆశ సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆమె గొంతులో నవ్వు పోయింది. ఒక్క అడుగు కూడా నడిపించకండి బాబాయిగారూ అంది. ఇప్పుడే అంబులెన్సుకు ఫోన్ చేయించండి, తొమ్మిది నాలుగుసార్లు. ఆస్ప్రిన్ ఎప్పుడైనా పడలేదా ఆమెకు, రక్తం పడే జబ్బేదైనా ఉందా అని అడిగింది. లేదన్నాం. అయితే మీ మాత్ర ఇచ్చి నమిలించండి, మింగించడం కాదు, నమలాలి. వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. ఎవరైనా ఆమె పక్కనే ఉండండి.

జేబులో ఉన్న నా మాత్ర ఇచ్చి నమిలించాను. జైనబీ నా చెయ్యి పట్టుకుంది. మామాకు చెప్పొద్దంది. మామా అంటే అర్బాబు భార్య. గుండె జబ్బంటే పనికి రాదని ఊరికి పంపేస్తారట. ఎందరిని పంపలేదు, ఎందరిళ్లలో చూడలేదు అంది.

"పంపితే పంపనీ మే. బతికుంటే గదా పంపేది."

పెద్దింట్లోకి పోయాను. నాకు వచ్చిన అరబ్బీలో గల్బ్, గల్బ్ అని రొమ్ము బాదుకుని చూపించాను. మామా బెదిరిపోయి నన్నే కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె కొడుకు నా చొక్కా గుండీలు విప్పుతున్నాడు. నాది కాదురా, దానిది అని తెలుగులో అరిచాను. అది అర్థమైంది వాళ్లకు. కొడుకు ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేదాకా మామా నేల మీద కూర్చుని జైనబీ తలను తన భుజానికి ఆనించుకుంది. చీటికీ మాటికీ ఆమెను కసిరే మామా.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బండిదాకా మోశారు. నన్ను మొయ్యనివ్వలేదు. ఇక్కడి ఆస్పత్రి నుంచి మస్కట్ తీసుకుపోయారు.

దేవుడా అని రాశాను. తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

డిసెంబరు 11

ఫోన్ రాలేదు.

డిసెంబరు 11, సాయంత్రం

స్టంటు వేశారట. బతికింది.

డిసెంబరు 13, శుక్రవారం

ఆస్పత్రికి పోయాను. నా కార్డు చూపించడానికి కాదు. ఆశ సిస్టర్ డ్యూటీలో ఉంది. ఎటాక్ అంటే అందరికీ రొమ్ములోనే రావాలని లేదండి అంది. ఆడవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు చాలాసార్లు దవడలో వస్తుంది, వీపులో వస్తుంది, ఉట్టి నీరసంగా, వికారంగా వస్తుంది. జైనబీకి రెండూ ఉన్నాయి, ఆడదీ, షుగరూ. ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు అని గట్టిగా అడిగాను.

"మీరు నన్ను అడగలేదు కదండీ బాబాయిగారూ. వచ్చినప్పుడల్లా మీరే నాకు చెప్పేవారు."

నవ్వుతూనే అంది. ఆ పిల్ల నవ్వు నాకు మొదటిసారి గుచ్చుకుంది.

వచ్చేటప్పటికి రూము ముందర ఇద్దరు కూర్చుని ఉన్నారు, రొమ్ము నొప్పని ఒకడు, చెయ్యి తిమ్మిరని ఒకడు. నాకు తెలీదు, ఆస్పత్రికి పోండి అన్నాను. కోపమొచ్చిందా చాచా అన్నారు. వహాబ్‌ను పిలిచి బండి ఎక్కించాను.

డిసెంబరు 28

జైనబీ ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. వంట అజీజాకు అప్పగించారు. ఇప్పుడు మా ఇద్దరికీ ఒకే క్యారియరు, ఒకే చప్పిడి. అజీజాకు ఈమె గడప మీద కూర్చునే చెబుతుంది, పోపు ఎప్పుడు వెయ్యాలో, నిమ్మకాయ ఎంత పిండాలో. ఉప్పు లేని లోటు పులుపు తీరుస్తుందట. నిజమే, కొంచెం తీరుస్తుంది.

సాయంత్రాలు ఇద్దరం ఒడ్డున నడుస్తున్నాం. మెల్లగా. పీతలకు సెలవు ఇచ్చాను. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. అర్బాబు పెద్ద కూతురి పెళ్లికి హల్వా గంగాళం ఎట్లా కలిపారో, తుఫాను వచ్చిన ఏడు నీళ్లు వంటింట్లోకి వస్తే బియ్యం మూటలు మేడకు ఎట్లా చేరేశామో. నాకు తెలిసినవే అన్నీ. అయినా విన్నాను. ఎక్కడైనా మరిచిపోతే నేను అందించాను.

లవంగం సంగతి నేనే ఎత్తాను. తప్పు నాదే అన్నాను. ఆమె చెప్పులోని ఇసుక దులుపుకుంది.

"ఊరుకోన్నా. నొప్పేదో నాకే తెలీకపాయె, నీకేం తెలుస్తాది."

జనవరి 17

జైనబీని పంపుతున్నారు. వెళ్లగొట్టడం కాదు. ఇక పని వద్దు, కూతురి దగ్గర విశ్రాంతిగా ఉండు, నెలనెలా డబ్బు పంపిస్తాం అని అర్బాబు అన్నాడు. మామా ఏడ్చింది. వాళ్ల పిల్లలందరినీ ఎత్తుకు పెంచింది ఈమే. మంచి మాటే. మంచి మాట అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

ఎయిర్‌పోర్టులో మాత్రల సంచి చేతికి ఇచ్చి ఏది పొద్దున, ఏది సాయంత్రం అని ఆమె చేతనే చెప్పించాను. తప్పు లేకుండా చెప్పింది. వెనక వహాబ్ ముక్కు చీదుకున్నాడు.

జనవరి 18

ఒడ్డుకు పోలేదు.

ఫిబ్రవరి 6

రాయచోటి నుంచి జైనబీ కూతురు షైస్తా ఫోన్ చేసింది. మామూ, అమ్మీ నా మాట వినడం లేదు, నువ్వే చెప్పు అంది. మాత్ర సగం విరిచి వేసుకుంటోందట. గడప దాటి అడుగు పెట్టడం లేదట. మొన్న మెట్లెక్కితే ఆయాసం వచ్చిందట.

ఫోన్ ఆమెకు ఇమ్మన్నాను. తిట్టాను. బాగానే ఉన్నాను కదన్నా, బాగున్నదానికి అన్ని మాత్రలు ఎందుకు అంది. నువ్వు బాగున్నది ఆ మాత్రల వల్లనే, పూర్తి మాత్ర వేసుకో, తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెబుతాడు, నువ్వూ కాదు నేనూ కాదు అన్నాను. సరే అంది. షైస్తా ఎదురుగానే వేసుకోమన్నాను. వేసుకుంది.

నడక ఎందుకు మానావని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది.

"ఈడ పనిల్యాకుండా నడిస్తే నిలబెట్టి అడుగుతారన్నా. యాడికి పోతాండావు, బజారుకా, దర్గాకా, ఎవురింటికి అని. ఊరికేనే అంటే మతి పోయిందంటారు. ఏం చెప్పాల వాళ్లకి?"

ఒమాన్‌లో ఇన్నేళ్లూ ఎవరూ ఆమెను అడగలేదు.

ఫిబ్రవరి 9, ఉదయం

ఫోన్ చెవికి పెట్టుకుని చెప్పులు వేసుకోమన్నాను. నేనూ వేసుకున్నాను. ఇద్దరం బయలుదేరాం. నా వైపు అలలు, ఆమె వైపు ఆటోలు. కొంత దూరం పోయాక ఎవరో ఆడమనిషి గొంతు వినపడింది, యాడికి పోతాండావు జైనబీ అని.

"సముద్రం కాడికి," అంది.